నీళ్ళు చూడండి, ఆ తర్వాతే మోటారు

ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి, ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్లలో పిల్లల్ని పెంచి, రిటైరయ్యాక ద్వారకాలో స్థిరపడ్డవాణ్ణి నేను. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో వాషింగ్ మిషన్ మొరాయిస్తే మెకానిక్ కంటే ముందు నాకు ఫోన్ వస్తుంది. నోయిడాలో, గుర్‌గావ్‌లో కొత్తగా కాపురాలు పెట్టిన పిల్లలు ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే: “బాబాయ్ గారూ, ఉతుకుతోంది గానీ పిండట్లేదు.” వాళ్ళకు విడివిడిగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. ఢిల్లీలో ఉతకడం కంటే పిండడమే పెద్ద పని.

మన వైపు బట్టను చేత్తో పిండి దండెం మీద వేసినా మధ్యాహ్నం భోజనాల వేళకు ఆరిపోతుంది. స్పిన్ పాడైనా పది రోజులు నెట్టుకు రావచ్చు. ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్మితే మధ్యాహ్నం దాకా ఎండ మొహం కనబడదు. జీన్సు ప్యాంటు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, మూడో రోజుకు ముక్కవాసన. నవంబరులో బయట ఆరేస్తే పొగ పడుతుంది. మే నెలలో ఆంధీ, అదే దుమ్ము తుఫాను, వచ్చిందంటే ఉతికిన దుప్పటి మళ్ళీ ఉతకాల్సిందే. అందుకే బట్టలోని నీరు వీలైనంత మిషన్‌లోనే పోవాలి. నిమిషానికి 1400 చుట్లు తిరిగే ఫ్రంట్ లోడ్ మిషన్‌లోంచి తీసిన నూలు బట్టలో, పొడి బట్ట బరువులో సుమారు సగం నీళ్ళు మిగులుతాయి. చేత్తో పిండిన దుప్పటిలో మిగిలే నీళ్ళు దుప్పటి బరువును మించిపోతాయి.

2. తిరగకపోవడం చాలాసార్లు రోగం కాదు, మిషన్ తీసుకునే జాగ్రత్త.

స్పిన్ మొదలవ్వాలంటే మిషన్‌కు మూడు కుదరాలి. తొట్టిలో నీళ్ళు పూర్తిగా పోవాలి. మూత పడిందని దానికి తెలియాలి. లోపల బట్టల బరువు అన్ని వైపులా సమంగా ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా తిరగకూడదనే దాన్ని తయారుచేశారు. ఈ సంగతి తెలియక చాలామంది మొదటి నిమిషంలోనే మోటారు పోయిందనో, బోర్డు కాలిపోయిందనో తేల్చేస్తారు. మెకానిక్ వచ్చి “పీసీబీ (బోర్డు) ఉడ్ గయీ” అంటే నమ్మి వేలకు వేలు పోస్తారు. నాకు తెలిసినంతలో ఫోన్ చేసిన ఇళ్ళలో ఎక్కువ చోట్ల ఏ పార్టూ పోలేదు. నీళ్ళు ఆగిపోయి ఉండేవి, లేదా బట్టలు ఒకవైపు చేరి ఉండేవి.

కొత్త మిషన్లు కారణాన్ని అక్షరాల్లో చెబుతాయి కూడా. ఎల్జీ మిషన్లలో యూ.ఇ. అని వస్తే బరువు సమంగా లేదని, ఓ.ఇ. అంటే నీళ్ళు బయటికి పోవట్లేదని, డి.ఇ. అంటే తలుపు సరిగ్గా పడలేదని, ఐ.ఇ. అంటే నీళ్ళు లోపలికి రావట్లేదని. మిగతా కంపెనీలకు వేరే అక్షరాలున్నాయి. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో చివరి పేజీల్లో పట్టిక ఉంటుంది. ఆ పుస్తకం పారేయకండి. కనీసం ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

3. బట్టలు తీసేసి ఖాళీగా తిప్పి చూడండి.

ముందు ప్లగ్ తీసేసి ఒక పది నిమిషాలు ఆగండి. మళ్ళీ పెట్టి, లోపల ఒక్క రుమాలు కూడా లేకుండా, నీళ్ళు కూడా లేకుండా చూసి, స్పిన్ ఒక్కటే పెట్టండి. ఖాళీగా శుభ్రంగా తిరిగితే మోటారు, బోర్డు, బెల్టు చాలావరకు బాగానే ఉన్నట్టు, తప్పు బట్టలు వేసిన తీరులోనో, నేల వాలులోనో ఉన్నట్టు. ఖాళీగా కూడా తిరగకపోతే అప్పుడు పార్టుల వైపు వెళ్ళాలి. నోయిడాలో ఉన్నా గుర్‌గావ్‌లో ఉన్నా ఫోన్లో నేను ముందు చేయించేది ఈ ఒక్క పరీక్షే.

ఒకవేళ తొట్టిలో నీళ్ళు నిలిచి ఉంటే ఈ పరీక్ష కుదరదు. ముందు నాలుగో పాఠం.

4. నీళ్ళు పోయే దారి.

టాప్ లోడ్‌కూ ఫ్రంట్ లోడ్‌కూ దారులు వేరు. మన దేశంలో అమ్మే ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ మిషన్లలో చాలావాటికి నీళ్ళు తోడే పంపు ఉండదు. అడుగున ఒక వాల్వు తెరుచుకుంటుంది, నీళ్ళు వాటంతట అవే కిందికి పోతాయి. అంటే డ్రెయిన్ పైపు నేలబారుగా ఉండాలి. బాల్కనీలో మిషన్ పెట్టి, గడప మీదుగా పైపును బాత్‌రూమ్‌లోకి లాగితే, ఆ గడప ఎత్తుకే నీళ్ళు లోపల నిలబడిపోతాయి. డీడీఏ ఫ్లాట్లలో ఈ ఏర్పాటు ఎక్కువగా చూశాను. పైపు మలుపు తిరిగి నొక్కుకుపోయినా అంతే. పైపు చివర జాలీలో గుచ్చేసి ఉంటే, దాని చుట్టూ సబ్బు మడ్డి, జుట్టు చేరి మూసుకుపోతుంది.

టాప్ లోడ్‌లో ఇంకో కీలకం ఉంది. డ్రెయిన్ మోటర్ అని అడుగున చిన్నది ఒకటి ఉంటుంది. అది తీగను లాగితే ఒకే లాగుడుకు రెండు పనులు జరుగుతాయి: నీటి వాల్వు తెరుచుకుంటుంది, క్లచ్ మారి బ్రేకు వదులుతుంది. కాబట్టి ఈ చిన్న మోటారు పోతే నీళ్ళూ పోవు, తొట్టీ తిరగదు. రెండూ ఒకేసారి ఆగాయంటే పెద్ద మోటారును అనుమానించే ముందు దీన్ని చూడమని మెకానిక్‌కు చెప్పండి. పార్టు ఖరీదు కొన్ని వందల్లోనే ఉంటుంది.

5. ఫ్రంట్ లోడ్ ఫిల్టరు తెరిచే పద్ధతి.

ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళను పంపు తోడుతుంది. ఆ పంపుకు ముందు ఒక ఫిల్టరు, మిషన్ ముందు భాగంలో కింద మూలన చిన్న తలుపు వెనక ఉంటుంది. ఏళ్ళుగా మిషన్ వాడుతూ ఆ తలుపు ఎప్పుడూ తెరవని ఇళ్ళు ఎన్నో.

ప్లగ్ తీసేయండి. వేడినీళ్ళ ఉతుకు పెట్టి ఉంటే నీళ్ళు చల్లారేదాకా ఆగండి. కింద పాత తువ్వాలు పరిచి, వెడల్పాటి పళ్ళెం పెట్టండి. కొన్ని మిషన్లకు ఫిల్టరు పక్కన వేలంత రబ్బరు గొట్టం ఉంటుంది. ముందు దాని బిరడా తీసి నీళ్ళు పళ్ళెంలోకి వదలండి, నిండగానే మూసి, పారబోసి, మళ్ళీ పట్టండి. ఓపికతో చేయాల్సిన పని ఇది. నీళ్ళు ఆగాక ఫిల్టరును ఎడమవైపుకు మెల్లగా తిప్పి లాగండి. రూపాయి బిళ్ళలు, హెయిర్‌పిన్నులు, చీర ఫాల్ దారం, పిల్లల బొమ్మ చక్రం, చున్నీ అంచుకు కుట్టిన అద్దం, మణికట్టుకు కట్టించుకున్న ఎర్రదారం, వాటన్నిటినీ చుట్టుకుని బూడిదరంగు నూగు ముద్ద: ఇవీ ఢిల్లీ ఇళ్ళలో నేను బయటికి లాగినవి. ఫిల్టరు తీశాక లోపలికి టార్చి వేసి చూడండి. చిన్న రెక్కల చక్రం కనబడుతుంది. దాన్ని వేలితో తిప్పితే అంచెలంచెలుగా కదలాలి, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా ఆగి ఆగి కదలడం మామూలే. అసలు కదలకపోతే దారం చుట్టుకుని ఉంటుంది. పట్టకారుతో లాగేయండి. ఫిల్టరును బ్రష్‌తో కడిగి, గట్టిగా బిగించి, కొంచెం నీళ్ళు పోసి కారుతోందేమో చూసుకోండి.

రెండు నెలలకోసారి ఈ పని చేస్తే చాలు.

6. జాడింపు నీళ్ళు రాకపోతే స్పిన్ దాకా చేరదు.

ఇది ఢిల్లీకి ప్రత్యేకమైన చిక్కు. చలికాలంలో యమునలో అమ్మోనియా పెరిగినప్పుడు వజీరాబాద్, చంద్రావల్ నీటి శుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గిస్తాయి. ఆ రోజుల్లో కుళాయిలో ధార సన్నబడుతుంది. మిషన్ ఉతుకు ముగించి, జాడించడానికి నీళ్ళ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. ఇంట్లోవాళ్ళు చూసేది ఆగిన తొట్టిని, అందుకే “స్పిన్ అవ్వట్లేదు” అంటారు.

పై అంతస్తులో ఉండేవాళ్ళకు ఇంకో ఇబ్బంది. ట్యాంకు నెత్తిమీదే ఉంది కాబట్టి ధార బాగుంటుందనుకుంటారు. ట్యాంకుకూ కుళాయికీ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి ఒత్తిడి అందరికంటే వాళ్ళకే తక్కువ. మిషన్ వెనక నీళ్ళ పైపు విప్పితే లోపల చిన్న జాలీ కనబడుతుంది. దాన్లో ఇసుక, తుప్పు రేణువులు చేరితే ఉన్న ధార కూడా పోతుంది. ట్యాంకర్ నీళ్ళు వాడే కాలనీల్లో ఈ జాలీని తరచుగా కడగాలి.

7. బరువు సమంగా ఉండటం గురించి కాస్త వివరంగా.

చిన్నప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పినవాళ్ళకు ఈ పాఠం సగం తెలుసు. చిన్న రాయే అయినా తిరిగే కొద్దీ చేతిని ఎంత గట్టిగా లాగుతుందో గుర్తుంటుంది. మిషన్‌లో లెక్క వేస్తే భయమేస్తుంది. టాప్ లోడ్ తొట్టి సుమారు అర మీటరు వెడల్పు, నిమిషానికి 700 చుట్లు అనుకుందాం. ఒకవైపు కేవలం ఒక కిలో బరువు ఎక్కువైతే, ఆ కిలో తొట్టిని బయటికి లాగే బలం 130 కిలోలకు పైగా బరువుకు సమానం. ఫ్రంట్ లోడ్‌లో 1400 చుట్ల దగ్గర అదే కిలో 500 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. అందుకే మిషన్ మెల్లగా తిప్పి చూసుకుంటుంది, ఊగిసలాట ఎక్కువైతే ఆపేస్తుంది, మళ్ళీ నీళ్ళు పట్టి బట్టల్ని సర్దడానికి ప్రయత్నిస్తుంది. తెరమీద తగ్గుతున్న నిమిషాలు ఉన్నట్టుండి పెరగడానికి కారణం ఇదే. చివరికి విసిగి నిలిచిపోతుంది.

1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ మొదటి ఆటోమేటిక్ ఇంటి మిషన్‌ను చూపించినప్పుడు, దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది, లేకపోతే స్పిన్‌లో నడిచి వెళ్ళిపోయేది. ఇప్పటి మిషన్లకు స్ప్రింగులు, షాకబ్జార్బర్లు ఉన్నాయి కాబట్టి బోల్టులు అక్కర్లేదు. అయినా ఆ బలం ఎక్కడికీ పోలేదు. 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ సుమారు 28 లక్షల టాప్ లోడ్ మిషన్లను వెనక్కి పిలిచింది, స్పిన్‌లో విపరీతమైన ఊగుడుకు పైమూత ఊడిపోయే ప్రమాదం ఉందని. దుప్పట్లు, నీరు ఇంకని బట్టలు నెమ్మది స్పిన్‌లోనే వేయమని అప్పుడు అక్కడివాళ్ళకు చెప్పారు.

ఇక ఢిల్లీ సంగతి. ఫిబ్రవరి చివర చలి తగ్గి హోలీ దగ్గరపడగానే ప్రతి ఇంట్లో కంబళ్ళు ఉతికి అటక మీద పెడతారు. నాకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది అప్పుడే. రెండు పొరల పెద్ద కంబళి పొడిగానే నాలుగైదు కిలోలుంటుంది. నీళ్ళు పట్టాక ముద్దయి ఒకవైపు కూచుంటుంది. ఆరేడు కిలోల మిషన్‌లో దాన్ని వేయకండి, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. దూది రజాయినైతే ఏ మిషన్‌లోనూ వేయకూడదు, దూది ఉండలు కట్టి రజాయి కూడా పాడవుతుంది. దీపావళికి ముందు పరదాలు ఉతుకుతారు. పైన ఇనుప రింగులున్న పరదాలను పాత దిండుగలీబులో వేసి మూతికట్టి ఉతకండి. వానకోటు, పిల్లల పక్కమీద వేసే ప్లాస్టిక్ అడుగున్న షీటు, వీటిని స్పిన్‌లో వేయనే వద్దు. నీళ్ళు బయటికి పోలేక సంచిలా ఆగి, ఒక్కసారిగా జారితే తొట్టి గోడను కొడుతుంది.

ఒక్క జీన్సు ప్యాంటో, ఒక్క తువ్వాలో వేసి తిప్పినా మిషన్ ఒప్పుకోదు. దానికి ఎదురుగా బరువుండదు. ఇంకో రెండు తువ్వాళ్ళు చేర్చండి. మిషన్ ఆగిపోయి యూ.ఇ. చూపిస్తే మూత తీసి, చుట్టుకుపోయిన చీరను విడదీసి, బట్టల్ని అంచు చుట్టూ వలయంగా పరిచి మళ్ళీ స్పిన్ పెట్టండి. పది నిమిషాల పని.

8. నేల సమతలమేనా?

ఢిల్లీ బాల్కనీలకు వాన నీళ్ళు పోవడానికి వాలు ఇస్తారు. మిషన్ కూడా ఆ వాలుమీదే కూచుంటుంది. నాలుగు మూలల్లో చేత్తో నొక్కి చూడండి, ఏ మూల ఊగినా ఆ కాలును తిప్పి సర్ది, పైన ఉన్న నట్టును బిగించండి. చక్రాల స్టాండు మీద పెట్టినవాళ్ళు చక్రాలు లాక్ చేశారో లేదో చూసుకోండి, నన్నడిగితే ఫ్రంట్ లోడ్‌కు ఆ స్టాండు వద్దనే అంటాను.

పదకొండు నెలల అగ్రిమెంట్లతో ఇళ్ళు మారే పిల్లలకు ఇంకో మాట. ఫ్రంట్ లోడ్ కొన్నప్పుడు వెనక పెద్ద బోల్టులుంటాయి, రవాణాలో డ్రమ్ము ఊగకుండా బిగించినవి. వాటిని విప్పడం మరిచిపోయి మిషన్ తిప్పితే ఇల్లంతా అదురుతుంది. విప్పాక పారేయకుండా దాచిపెట్టండి, ఇల్లు మారేటప్పుడు మళ్ళీ బిగించాలి, దింపాక మళ్ళీ విప్పాలి. ప్యాకర్లు ఈ పని చేస్తారని అనుకోకండి.

9. ఉప్పు నీళ్ళు, నురుగు.

గుర్‌గావ్, నోయిడా, ద్వారకాల్లో బోరు నీళ్ళు వాడేవాళ్ళకు గట్టినీళ్ళ బాధ చెప్పక్కర్లేదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పినదాని ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. గట్టినీళ్ళలో సబ్బు సరిగ్గా పనిచేయదని పొడి రెట్టింపు పోస్తారు. ఆ పొడి, సున్నం కలిసి జిగట మడ్డి అవుతుంది. చలికాలపు చల్లని నీళ్ళలో పొడి కరగక ఇంకా ఎక్కువ మిగులుతుంది.

ఇది స్పిన్‌ను ఆపే తీరు చూడండి. తొట్టి అడుగునుంచి పైకి ఒక సన్నటి గాలి గొట్టం వెళ్తుంది. దాని పైన ఉన్న సెన్సరు గాలి ఒత్తిడిని బట్టి లోపల ఎన్ని నీళ్ళున్నాయో తెలుసుకుంటుంది. మడ్డి ఆ గొట్టాన్ని మూసేస్తే, నీళ్ళు పోయినా ఇంకా ఉన్నాయనే అనుకుంటుంది. నీళ్ళున్నాయంటే స్పిన్ లేదు. ఒక మెకానిక్ ఆ గొట్టం విప్పి ఊది శుభ్రం చేస్తే సరిపోయే పని ఇది. నురుగు ఎక్కువైనా డ్రమ్ము చుట్టూ దిండులా పట్టి తిరగనివ్వదు. ఫ్రంట్ లోడ్‌లో టాప్ లోడ్ పొడి పోయకండి, చేతి ఉతుకు పొడి అసలు పోయకండి. నురుగు పట్టి ఆగితే పొడి లేకుండా ఒక్కసారి జాడించి మళ్ళీ స్పిన్ పెట్టండి. నెలకోసారి ఖాళీ మిషన్‌లో డీస్కేలింగ్ పొడి వేసి టబ్ క్లీన్ తిప్పితే గట్టినీళ్ళ ఇంట్లో మిషన్ ఆయుష్షు నిజంగా పెరుగుతుంది. ఫ్రంట్ లోడ్ డ్రమ్ము వెనక మూడు చేతుల అల్యూమినియం పార్టు ఒకటి ఉంటుంది, స్పైడర్ అంటారు. మడ్డి కింద అది తినేసుకుపోయి విరిగితే ఆ రిపేరు చాలా ఖరీదు.

10. మూత స్విచ్‌ను ఎప్పుడూ తప్పించకండి.

మూత స్విచ్ పనిచేయకపోతే కొందరు మెకానిక్‌లు రెండు తీగలు కలిపేసి “అబ్ చలేగా” అని వెళ్ళిపోతారు. తిరగడం నిజమే. మూత తెరిచినా తిరుగుతూనే ఉంటుంది. చీర కొంగు, పిల్లల చెయ్యి ఏది పడినా లాగేస్తుంది. స్విచ్ ఖరీదు పెట్టి కొత్తదే వేయించండి. అంతకుముందు మూత అంచున మడ్డి, హింజ్ విరగడం, కంబళి మూతకు అడ్డుపడటం చూసుకోండి.

స్పిన్ ఆగి తొట్టిలో నీళ్ళు నిలిచి ఉన్న మిషన్‌ను అలా వదిలి బయటికి వెళ్ళకండి. 2017 ఫిబ్రవరిలో మన ఢిల్లీలోనే, రోహిణిలో, మూడేళ్ళ కవల పిల్లలు నీళ్ళున్న వాషింగ్ మిషన్‌లో పడి చనిపోయారు. కాసేపు ఎవరూ చూడని సమయంలో జరిగింది. పిల్లలున్న ఇంట్లో ముందు నీళ్ళు తీసేయండి, ప్లగ్ తీసేయండి, దగ్గరున్న స్టూలు తీసేయండి. రిపేరు ఆ తర్వాత.

11. సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకు.

రెండు తొట్ల మిషన్‌లో పిండే తొట్టికి వేరే మోటారు ఉంటుంది. అందుకే ఉతుకు బాగున్నా డ్రయ్యర్ ఆగిపోవచ్చు. బట్టల మీద పెట్టే గుండ్రటి ప్లాస్టిక్ మూతను అడుగుదాకా నొక్కి పెట్టారా? అది పెట్టకపోతే చిన్న రుమాలు ఎగిరి, తిరిగే బుట్టకూ బయటి గోడకూ మధ్య పడి బిగుసుకుంటుంది. డ్రెయిన్ పైపు పైకి ఉంటే బుట్ట కింద నీళ్ళు నిలిచి తిప్పుడు భారమవుతుంది. ఇవన్నీ బాగుంటే బ్రేకు తీగ, కపాసిటర్, టైమర్ చూడాలి.

12. కరెంటు.

గుంయ్‌మని మోత వస్తుంది, తొట్టి కదలదు. ఇది కపాసిటర్ పోయిన లక్షణం. ఖరీదు తక్కువ, మార్చడానికి అరగంట. అయితే ప్లగ్ తీసినా కపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, తెలియనివాళ్ళు చెయ్యి పెట్టకూడదు. మోత వస్తుండగా తొట్టిని చేత్తో తోసి చూడటం కూడా వద్దు.

జూన్ నెలలో అన్ని ఇళ్ళలో ఏసీలు తిరుగుతుంటే పాత కాలనీల్లో వోల్టేజి పడిపోతుంది. కపాసిటర్‌తో నడిచే మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సింది 180కి దిగితే మోటారు బలం 60 శాతానికి పడిపోతుంది. సాయంత్రం తిరగని మిషన్ తెల్లవారుజామున హాయిగా తిరిగితే అనుమానం వోల్టేజి మీదే. గుర్‌గావ్ సొసైటీల్లో కరెంటు పోయి జనరేటరు వచ్చే ఆ క్షణంలో మిషన్ ఆగి, మళ్ళీ మొదలవకపోవచ్చు. జనరేటరు మీద వేడినీళ్ళ ఉతుకు పెట్టకండి, హీటరు ఒక్కటే సుమారు 2000 వాట్లు తీసుకుంటుంది. ప్లగ్ 16 ఆంపియర్ల సాకెట్లో నేరుగా పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

13. మిగిలింది మెకానిక్ పని.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ తొట్టి కదలకపోతే బెల్టు. గరగర మోత, కింద నూనె మరక లేదా తుప్పు నీళ్ళు ఉంటే బేరింగు, సీలు. పాత ఫ్రంట్ లోడ్‌లో ఏ చప్పుడూ లేకుండా ఆగిపోతే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలి. టాప్ లోడ్ అడుగు తెరిచి ఉంటుంది కాబట్టి ఎలుకలు దూరి తీగలు కొరుకుతాయి, కింద జాలీ బిగించుకోండి. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో పావురాలు మిషన్ వెనక గూళ్ళు పెడతాయి, పుల్లలు, ఈకలు బెల్టులో పడతాయి.

14. మెకానిక్‌ను పిలిచే ముందు, పిలిచాక.

సర్వీసు నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి మొదట కనబడ్డదానికి ఫోన్ చేయకండి. కంపెనీ పేరుతో దొంగ నంబర్లు పెట్టి, అడ్వాన్సు పంపమని, ఫోన్లో ఏదో యాప్ వేసుకోమని డబ్బు గుంజేవాళ్ళున్నారు. మిషన్ మీద స్టిక్కరు, వారంటీ కార్డు మీద ఉన్న నంబరే వాడండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మెకానిక్ రాగానే “ఏం పోయింది?” అని అడగడం కంటే మీరు చూసినవి చెప్పండి: ఖాళీగా తిరిగిందా, నీళ్ళు పోతున్నాయా, మోత వస్తోందా, తెరమీద ఏ అక్షరాలు. మర్యాదగా, “భయ్యా” అని పిలిచి, టీ ఇచ్చి, పక్కనే నిలబడండి. ఎండలో బండి మీద ఊరంతా తిరిగే మనిషి అతను. మన వైపు నుంచి సరైన వివరం వస్తే అతనికీ సగం పని తగ్గుతుంది. పీసీబీ మార్చాలంటే మీటరు పెట్టి చూపించమని అడగండి. పాత పార్టు మీ చేతికి తీసుకోండి. బిల్లులో కొత్త పార్టు పేరు, వారంటీ ఎన్నాళ్ళో రాయించండి. పార్టులు దొరకవు అని కొత్త మిషన్ అంటగట్టబోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రిపేరు చేయించుకునే హక్కు కోసం వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది, దాన్లో కొన్ని కంపెనీల సర్వీసు వివరాలు ఉంటాయి.

15. ఎప్పుడు వదిలేయాలి?

స్పైడర్ విరిగి, బేరింగు పోయి, పదేళ్ళు దాటిన మిషన్‌కు కొత్త మిషన్ ధరలో సగం అడిగితే వదిలేయండి. డ్రెయిన్ మోటరో, కపాసిటరో, బెల్టో పోయినంత మాత్రాన మాత్రం వదలకండి. కబాడీవాలాకు అమ్మిన మిషన్ చాలాసార్లు ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్ల చిన్నచిన్న గదుల్లో విప్పబడుతుంది. రాగి కోసం తీగలు కాల్చేవాళ్ళలో పిల్లలూ ఉంటారు, ఆ పొగ వాళ్ళు పీలుస్తారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో వాషింగ్ మిషన్ కూడా ఉంది, అమ్మిన కంపెనీదే బాధ్యత. కంపెనీ సేకరణ కేంద్రానికి గానీ, కొత్తది కొనేటప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో గానీ ఇవ్వండి.

16. మెకానిక్ మెట్లు దిగేముందు.

ఖాళీ మిషన్ తిప్పి “దేఖో, చల్ రహీ హై” అంటే సరిపోదు. ముందే రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి తడిపి సిద్ధంగా ఉంచుకోండి. అవి వేయించి, ఒక జాడింపు, పూర్తి స్పిన్ అతని ఎదురుగానే అవ్వాలి. చివరి నిమిషంలో తొట్టి పూర్తి వేగం అందుకుందా, డ్రెయిన్ పైపులోంచి నీళ్ళు ధారగా వచ్చాయా, మిషన్ ఉన్నచోటే ఉందా, కింద తడి కనబడుతోందా చూడండి. బట్ట తీసి చేత్తో పిండండి. చుక్క రాలకపోతే అప్పుడు డబ్బులివ్వండి.